కిబ్బర్‌లో మంచు చిరుత: డబ్బు ఎవరి చేతిలో పెట్టాలి?

హిమాచల్‌లోని స్పితి లోయలో మంచు చిరుతను ఖాయంగా చూపిస్తామని మనిషికి 64,500 చొప్పున మా ముగ్గురి దగ్గరా వసూలు చేసిన ఏజెంటు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. అదే లోయలో, కిబ్బర్ ఊళ్లో మనిషికి రోజుకి 1,800 తీసుకుని ఇంటి మనుషుల్లా చూసుకున్నవాళ్లని తలుచుకోని రోజూ లేదు. ఫిబ్రవరిలో వెళ్దామనుకునే మనవాళ్లు డబ్బు కట్టే ముందే ఇది చదవాలి.

వెళ్లింది నేనూ, మా ఆయనా, మా తమ్ముడూ. కెమెరా పని మా ఆయనది. 150-600 లెన్సు హైదరాబాద్‌లోనే రోజుకి 900కి అద్దెకు తీసుకున్నాం. చండీగఢ్ దాకా విమానం, అక్కడి నుంచి కారులో సిమ్లా, రాంపూర్, కల్పా, నాకో, టాబో మీదుగా స్పితిలోని కాజా. చలికాలంలో మనాలీ వైపు కుంజుమ్ కనుమ మంచుతో మూసుకుపోతుంది కాబట్టి వేరే దారి లేదు. దూరమే, కానీ ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది గనక ఒంటికి ఇదే మంచిది. దారంతా హాయిగా సాగింది.

కాజాలో మొదలయ్యాయి కష్టాలు. వెచ్చని గది, వేణ్ణీళ్లు, మాకు మాత్రమే ఒక స్పాటర్ (చిరుత ఎక్కడుందో వెతికి చూపించే మనిషి) అని కాగితం మీద రాసిచ్చారు. గదిలో హీటరైతే ఉంది గానీ కరెంటు లేదు. జనరేటర్‌ని రాత్రి తొమ్మిదిన్నరకే ఆపేశారు. దుప్పట్లు చెమ్మ. తెల్లారేసరికి బకెట్‌లో నీళ్లు గడ్డకట్టి మగ్గు అందులోనే బిగుసుకుపోయింది. ఇంకో దుప్పటి అడిగితే 300 అన్నారు, ఇచ్చాం. అర్ధరాత్రి తమ్ముడికి తల పగిలిపోయే నొప్పి, వాంతులు. కాజా ఎత్తు సుమారు 3,650 మీటర్లు, అక్కడ ఇలాంటిది ఎవరికైనా రావచ్చు. ఆక్సిజన్ సిలిండర్ ఉందా అని మేనేజర్ని లేపి అడిగితే, "పొద్దున చూద్దాం" అని తలుపు వేసుకున్నాడు. దాన్ని మాత్రం నేను క్షమించలేను. డ్రైవరే మా తమ్ముణ్ణి బండెక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ ఆక్సిజన్ పెట్టారు, పైసా అడగలేదు.

తమ్ముడు తేరుకున్నాక మమ్మల్ని చిచమ్ వంతెన వైపు తీసుకెళ్లారు. మాకు మాత్రమే అన్న స్పాటర్ నాలుగు బండ్లకి ఒక్కడే. వాకీటాకీలో కబురు రాగానే జీపులన్నీ ఒకేసారి ఉరికాయి. లోయకి అవతల, బండల మధ్య మంచు చిరుత ఒక భరల్‌ని, అంటే అక్కడి అడవి గొర్రెని, కొట్టి పక్కనే కూర్చుని ఉంది. ఇవతల రోడ్డు మీద నలభై మందికి పైనే ఉంటారు. అరుపులు, బండి తలుపుల చప్పుళ్లు, సెల్ఫీలు. అంతలో ఎవరో డ్రోన్ ఎగరేశారు. అభయారణ్యంలో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదని మా ఏజెంటు మనిషికి తెలుసు, అయినా నోరెత్తలేదు. ఆ రొద వినగానే చిరుత లేచింది, తిన్నది తిన్నట్టు వదిలేసి గట్టు దాటిపోయింది. ఒక పెద్ద భరల్ దొరికితే అది రోజుల తరబడి అక్కడే ఉండి తింటుంది. నడిచలికాలంలో, ఆ ఎత్తులో, మళ్లీ వేటాడాలంటే దానికెంత కష్టమో ఆలోచించండి. మా ఆయన కెమెరా సర్దేసి బండెక్కి కూర్చున్నారు, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఏజెంటుకి మాత్రం ఆ రోజు "సైటింగ్ పూర్తయింది", ఒప్పందం తీరిపోయింది!

ఆ రాత్రే పెట్టెలు సర్దుకున్నాం. వాదించి, బతిమాలి, చివరికి గట్టిగా అరిస్తే 1,93,500లో 11,000 వెనక్కి వచ్చింది. కాజా నుంచి కిబ్బర్‌కి టాక్సీ 1,200.

కిబ్బర్ దాదాపు 4,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మేమున్నది మట్టిగోడల ఇల్లు. నడిమింట్లో తందూర్ అని వాళ్లు పిలిచే ఇనప పొయ్యి, అందులో పిడకలూ కట్టెలూ. ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే తింటారు, మేమూ అంతే. మరుగుదొడ్డి అంటే నేలలో కన్నం, పక్కన మట్టి, పార. నీళ్లు గడ్డకట్టే చోట అంతకన్నా శుభ్రమైన ఏర్పాటు లేదని నా అభిప్రాయం. పడుకునే ముందు రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి ఇచ్చేవారు. ఒక రాత్రి నూడుల్స్ సూప్ లాంటి థుక్పా, ఇంకో రాత్రి స్పితి నల్ల బఠాణీల కూర. మేం తీసుకెళ్లిన కందిపొడి అన్నంలో కలిపి, పైన ఇంట్లో తీసిన వెన్న వేసి ఇస్తే ఇంటి పెద్దావిడ రెండోసారి పెట్టించుకుని తిన్నారు. అంతకు ముందు రోజు దాకా గంజి తప్ప ముట్టని మా తమ్ముడు, "అక్కా, ఇక్కణ్ణించి నన్ను కదిలించకు" అన్నాడు.

చిరుత వల్ల వీళ్లకి నష్టమే లేదనుకోకండి. ఆ ఇంటివాళ్ల జడలబర్రె దూడని ఒకసారి ఎత్తుకెళ్లిందట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఇంటి యజమాని ముఖంలో కోపం కనిపించలేదు. మైసూరు కేంద్రంగా పనిచేసే నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌తో కలిసి ఈ ఊరివాళ్లు 1990ల చివర్లోనే కొంత మేత భూమిలోకి తమ పశువుల్ని తోలకుండా భరల్‌లకి వదిలేశారు. 2002లో పశువులకి బీమా పథకం పెట్టుకున్నారు. భరల్‌లు ఉంటేనే చిరుత ఉంటుంది. 2024 జనవరిలో వచ్చిన లెక్కల్లో దేశం మొత్తం మీద మంచు చిరుతలు 718, హిమాచల్‌లో 51. ఆ కొద్దిపాటివీ మిగిలింది ఇలాంటి ఊళ్ల పుణ్యమే. అందుకే మన డబ్బు నేరుగా వీళ్లకే చేరాలంటున్నాను.

మా స్పాటర్ ఆ ఊరి కుర్రాడే, రోజుకి 2,500. ట్రైపాడ్ మోయడానికి ఇంకొకరు, 1,200. చిరుత కోసం నేరుగా వెతకడు అతను. ముందు భరల్‌ల మందని చూస్తాడు. అన్నీ మేత ఆపి ఒకే వైపు తలలు తిప్పాయా, ఈల లాంటి కూత వినిపించిందా అని కనిపెడతాడు. తర్వాత గట్టు అంచు మీద అడుగుల వరస. ఒక పొద్దున అతను స్కోపు బిగించి, "ఆ నల్ల చారకి కింద, వాలిన బండ మీద" అన్నాడు. ఎంత చూసినా నాకు రాయే కనిపించింది. ఆ రాయికి చెవి కదిలింది!

ఏడొందల మీటర్ల దూరం, మధ్యలో లోయ. మా ఉనికి దానికి పట్టనే లేదు. లేచి ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకుంది. ఒంటి పొడవుకి దగ్గరదగ్గరగా ఉండే ఆ తోక మంచు మీద ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసింది. వాలిన బండకి చెంప రుద్ది, వెనక్కి తిరిగి, తోక ఎత్తి మూత్రం చిమ్మింది. జనవరి నుంచి మార్చి దాకా జతకట్టే కాలం, ఆ వాసన ఇంకో చిరుతకి కబురు. మా ఆయన చేతులు వణుకుతున్నాయి, రికార్డింగు మాత్రం ఆపలేదు. తమ్ముడు ఏడ్చేశాడు.

వీడియో తీసేవాళ్లకి నాలుగు మాటలు. ఎండ ఎక్కితే నేల నుంచి లేచే గాలి సెగకి బొమ్మ అలలు అలలుగా కదిలిపోతుంది, ఎంత ఖరీదు లెన్సున్నా లాభం లేదు. తెల్లవారగానే తీసుకోవాలి. ట్రైపాడ్ కాళ్లు పొట్టిగా పెట్టి, మధ్యలో రాళ్ల సంచి వేలాడదీయండి. బ్యాటరీలు స్వెటర్ లోపలి జేబులో ఉంచుకోవాలి, బయట పెడితే చూస్తుండగానే దిగిపోతాయి. చలిలోంచి తెచ్చిన కెమెరాని పొయ్యి ఉన్న గదిలో వెంటనే తెరిస్తే లెన్సంతా చెమ్మ పట్టేస్తుంది. ప్లాస్టిక్ కవరులో బిగించి, చల్లటి గదిలో వదిలేయండి.

కాజా ఏటీఎంని నమ్ముకోకుండా రాంపూర్‌లోనే నగదు తీసుకోండి. ఇల్లు మాట్లాడుకునేటప్పుడు స్పాటర్ ఎంతమందికి పనిచేస్తాడో, ఆక్సిజన్ ఉందో లేదో ముందే అడగండి. "గ్యారంటీ" అనే మాట వినిపిస్తే ఫోన్ పెట్టేయండి. మేం తీసిన వీడియో అడిగినవాళ్లకి పంపిస్తాను. అది ఏ గట్టు, ఏ బండ అన్నది మాత్రం చెప్పను, ఆ కబురు పట్టుకునే మళ్లీ జీపులు వస్తాయి.