పిల్లలతో ఆదివాసీ చరిత్ర నడక: ఏఆర్ యాపా, ఆదివాసీ గైడా?

ఖర్చు: ఏఆర్ యాప్ (ఫోన్ కెమెరాలో కనిపించే చోటు మీదే కథలోని మనుషుల బొమ్మల్ని చూపించేది) చవక, కొన్ని ఉచితం కూడా. గైడ్‌కి తలకింత అని ఇచ్చుకోవాలి.

శ్రమ: కెమెరా, జీపీఎస్, స్క్రీన్ మూడూ ఒకేసారి నడవాలి కాబట్టి యాప్‌తో బ్యాటరీ ఇట్టే అయిపోతుంది, దట్టమైన చెట్ల కింద లొకేషన్ తప్పి, బండ దగ్గర కనిపించాల్సిన కథలోని ముసలమ్మ బొమ్మ పొదలో ప్రత్యక్షమవుతుంది (పిల్లలకి అదే సరదా అనుకోండి). గైడ్‌ని ముందే బుక్ చేసుకుంటే చాలు.

రిస్క్: ఫోన్ చూస్తూ నడిస్తే తట్టుకుని పడతారు. అంతకన్నా పెద్దది ఇంకోటుంది. ఆస్ట్రేలియాలోని ఉలురు కొండ దగ్గర కొన్ని పవిత్ర స్థలాల్ని ఫొటో తీయొద్దని అక్కడి అనంగు ప్రజలు కోరతారు, 2019 అక్టోబర్ 26 నుంచి కొండ ఎక్కడమే నిషేధం. అలాంటి చోట ఫోన్ ఎత్తే ముందు ఆలోచించాలి. ఏ కథ బయటివాళ్లకి చెప్పొచ్చో గైడ్‌కి తెలుసు.

పదేళ్లు దాటిన పిల్లలకి, ఆ ప్రజలే చెప్పిన కథలతో చేసిన యాప్ దొరికితే యాపే. ప్రశ్నలతో ప్రాణం తీసే ఆరేళ్లవాడుంటే మాత్రం గైడే.