వెకా సాఫ్ట్‌వేర్: చేతిలెక్క సరిచూసుకోవడానికి

డిగ్రీ పిల్లలకు గణాంకశాస్త్రం చెప్పే పని నాది. డెసిషన్ ట్రీ (ప్రశ్న వెంట ప్రశ్నగా కొమ్మలు చీలుతూ నిర్ణయానికి చేర్చే చెట్టు) పాఠం మొదలయ్యేటప్పుడు కంప్యూటర్‌ను ముట్టుకోనివ్వను. ముందు నల్లబల్ల మీద 14 రోజుల వాతావరణ పట్టిక వేస్తాను. ఆట జరిగినవి 9 రోజులు, జరగనివి 5. ఎంట్రోపీ, అంటే ఆట ఉందో లేదో తేలని గజిబిజికి కొలత, కడితే 0.940. ఆకాశాన్ని ఎండ, మబ్బు, వాన అని విడదీశాక మిగిలే గజిబిజి 0.693, అంటే లాభం (తగ్గిన గజిబిజి) 0.247. తేమకు 0.152, గాలికి 0.048, ఉష్ణోగ్రతకు 0.029. చెట్టు వేరు దగ్గర, అంటే మొదటి ప్రశ్నగా, నిలిచేది ఆకాశమే. ఇంత అయ్యాకే వెకా తెరుస్తాం.

న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం తయారుచేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌కు అక్కడి ఎగరలేని పక్షి పేరు పెట్టారు. మా పట్టిక దాంతోపాటే వస్తుంది. చెట్టు కట్టడానికి క్విన్లన్ అనే పరిశోధకుడు రూపొందించిన సీ4.5 పద్ధతికి జావా రూపమైన జే48ను నడిపితే ఐదు ఆకుల (చివరి నిర్ణయాల) చెట్టు, 14కు 14 సరి. పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. అప్పుడు పది భాగాల క్రాస్ వాలిడేషన్ (పట్టికను పది ముక్కలు చేసి, తొమ్మిదితో నేర్చిన చెట్టును మిగిలిన ముక్కపై వంతులవారీగా పరీక్షించడం) నొక్కమంటాను. ఏడే సరి! "కళ్లు మూసుకుని రోజూ ఆటే అన్నా తొమ్మిది కలిసేవి కదండీ" అన్నాడు ఒక కుర్రాడు. ఏటా ఆ మాట కోసమే ఎదురుచూస్తాను.

నాకు ఎక్కువ ఇష్టమైనది వరుస సంఖ్య ఆట. ప్రతి రోజుకూ ఒక సంఖ్యను పేరులా తగిలిస్తే దాని లాభం పూర్తిగా 0.940. రేపటి గురించి అది చెప్పేది మాత్రం శూన్యం. దీనికి విరుగుడు లాభ నిష్పత్తి అంటారు, అంటే పట్టిక ఎంతగా ముక్కలైందో చెప్పే కొలతతో లాభాన్ని భాగించడం. భాగించి చూడండి: వరుస సంఖ్యకు 3.807తో భాగిస్తే 0.247, ఆకాశానికి 1.577తో భాగిస్తే 0.157. మళ్లీ వరుస సంఖ్యే గెలిచింది! అయినా జే48 పాత చెట్టునే ఇస్తుంది. కాపాడింది సూత్రం కాదు, కనీసం రెండు కొమ్మల్లో రెండేసి ఉదాహరణలు ఉండాలన్న షరతు. సెట్టింగుల్లో ఆ 2 కనబడుతూనే ఉంటుంది.

చెట్టు కాకుండా నియమాలే కావాలంటే వెకాలోనే జేరిప్ అనే పద్ధతి ఉంది. ఎండలో తేమ ఎక్కువైతే ఆట లేదు, వానకు గాలి తోడైతే లేదు, మిగతా రోజులన్నీ ఆటే. మూడు ముక్కల్లో తేల్చేస్తుంది.

నా ఫిర్యాదు ఒక్కటే. చెట్టు గీస్తుంది కానీ ఏ ముడి (కొమ్మలు చీలే చోటు) దగ్గర ఎంత లాభమో చూపదు. లక్షణాలను ఎంచే వేరే ట్యాబ్‌కు వెళ్లి, వాటిని లాభం వరుసలో పేర్చే ర్యాంకర్ నడపాలి. అక్కడ కనబడేవీ వేరు దగ్గరి అంకెలే. లోపలి కొమ్మలకు పట్టికను వడపోసి మళ్లీ నడపాలి. అందుకే మా ల్యాబ్‌లో కీబోర్డు పక్కన తెల్లకాగితాల కట్ట ఇంకా ఉంది.