మాస్ట్ టూల్‌తో నాలుగేళ్లు

రియల్ టైమ్ సిస్టమ్‌లలో, అంటే ప్రతి పనీ గడువులోపు పూర్తి కావాల్సిన చోట, టాస్కులన్నీ డెడ్‌లైన్‌లోపు పూర్తవుతాయా లేదా అన్నది చాలా టూల్స్ చెబుతాయి. కోడ్ కాస్త బరువెక్కినా ఆ షెడ్యూల్ నిలబడుతుందా అన్నదే నాకు కావాలి. స్పెయిన్‌లోని కాంటాబ్రియా యూనివర్సిటీ వాళ్ల మాస్ట్‌ని నాలుగేళ్లుగా వదలకపోవడానికి కారణం అందులోని స్లాక్ లెక్కే, అంటే డెడ్‌లైన్ తప్పకుండా ఎగ్జిక్యూషన్ టైమ్ ఇంకా ఎంత పెరగొచ్చో చెప్పే లెక్క. టూల్ ఉచితం, సోర్స్ కోడ్ కూడా ఇస్తారు.

నా కళ్లు తెరిపించిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఫిక్స్‌డ్ ప్రయారిటీతో మూడు టాస్కులు; మొదటిదానికి అన్నిటికంటే ఎక్కువ ప్రయారిటీ, మూడోదానికి అన్నిటికంటే తక్కువ. మొదటిది 10 మిల్లీసెకన్లకోసారి వచ్చి 3 తీసుకుంటుంది, రెండోది 20కి 6, మూడోది 40కి 8. మూడోదాని డెడ్‌లైన్ 25. దాని వర్స్ట్ కేస్ రెస్పాన్స్ టైమ్, అంటే మొదలవ్వాల్సిన క్షణం నుంచి పూర్తయ్యేదాకా పట్టే అత్యధిక సమయం, సరిగ్గా 20 వచ్చింది. ప్రాసెసర్ లోడ్ 80 శాతమే, పైగా 5 మిల్లీసెకన్లు మిగులు. హమ్మయ్య అనుకున్నాను. స్లాక్ అడిగితే మాత్రం ఆ టాస్క్‌కి సున్నా చూపించింది!

నమ్మబుద్ధి కాక కాగితం మీద వేసి చూశాను. 8 కాస్తా 8.1 అయితే పని 20 దాటుతుంది. సరిగ్గా అప్పుడే పై టాస్కులు రెండూ మళ్లీ వచ్చి ఇంకో 9 లాక్కుంటాయి. రెస్పాన్స్ 29.1. మొదటి టాస్క్‌కి అర మిల్లీసెకను జిట్టర్ (వచ్చే సమయంలో తేడా) ఉన్నా అదే గతి, 29. డెడ్‌లైన్‌కి ఉన్న దూరం చూసి ధీమాగా ఉండటం ఆ రోజుతో మానేశాను.

ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్‌లో తయారైన చెడ్డార్ అనే షెడ్యూలింగ్ టూల్ కూడా వాడతాను. టైమ్‌లైన్ గీసి చూపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి అదే బాగుంటుంది. లైనక్స్ బోర్డు మీద టాస్క్ ఎంత ఆలస్యంగా మేల్కొంటుందో కొలిచే సైక్లిక్‌టెస్ట్ రాత్రంతా నడుపుతాను కానీ, ఆ రాత్రి ఎదురుకాని పరిస్థితి గురించి అది ఏమీ చెప్పలేదు.

మాస్ట్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. మోడల్‌ని టెక్స్ట్ ఫైల్‌గా రాయడం మొదట్లో విసుగు తెప్పిస్తుంది. స్లాక్ కోసం విలువలు మారుస్తూ అనాలిసిస్‌ని మళ్లీ మళ్లీ నడపాలి కాబట్టి పెద్ద మోడల్‌కి చాలాసేపు పడుతుంది. మనమిచ్చే ఎగ్జిక్యూషన్ టైమ్‌లు తప్పయితే ఫలితమూ తప్పే.

అయినా ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియడం చిన్న విషయం కాదు. పై లెక్కలోనే మొదటి టాస్క్‌ని 3 నుంచి 2.5కి దించితే చాలు, మూడోది 8 నుంచి 9 దాకా పెరిగినా డెడ్‌లైన్ తప్పదు.