బీటెక్ లెక్కలకి ఏది మేలు: చివరి జవాబా, పూర్తి సొల్యూషనా, ఏఐనా?

బీటెక్, బీఎస్సీ పిల్లలు హోంవర్క్ లెక్కలకి కూర్చుంటే ఇప్పుడు వాళ్ల ముందు మూడు దారులున్నాయి. ఒకటి, పుస్తకం చివర్లో జవాబు మాత్రమే ఉన్న లెక్కలు. ఎంత రావాలో ఉంటుంది, ఎలా వచ్చిందో ఉండదు. రెండోది, ప్రతి స్టెప్పూ రాసిపెట్టిన పూర్తి సొల్యూషన్. అది సొల్యూషన్ మాన్యువల్ పీడీఎఫ్ కావచ్చు, ఆల్ ఇన్ వన్ గైడ్ కావచ్చు, క్లాస్ వాట్సాప్ గ్రూపులో టాపర్ పెట్టిన ఏ4 షీట్ల ఫొటోలు కావచ్చు. మూడోది చాట్‌జీపీటీ లాంటి ఏఐ. ప్రశ్నని ఫొటో తీసి పెడితే నిమిషంలో సొల్యూషన్ వచ్చేస్తుంది. నా ఓటు మొదటిదానికే. కారణాలు చెప్తాను, అది ఎక్కడ పనికిరాదో కూడా చెప్తాను.

మార్కుల సంగతి ముందే తేల్చేద్దాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018 నాటి ఆర్18 రెగ్యులేషన్‌లో మిడ్‌కి 25 మార్కులు ఉండేవి, అందులో అసైన్‌మెంట్‌కి 5. అసైన్‌మెంట్ మార్కులు ఏ దారిలో వెళ్లినా దాదాపుగా వచ్చేస్తాయి. టాపర్ షీట్లు చూసి రాసినా, ఏఐ చెప్పింది దించేసినా టైముకి ఇస్తే చాలు. తేడా బయటపడేది మిగతాచోట్ల: సెమిస్టర్ పరీక్షలో, ఇంటర్వ్యూలో, ముఖ్యంగా ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో. గేట్‌లో ఆప్షన్లు లేకుండా అంకె మాత్రమే టైప్ చేయాల్సిన ప్రశ్నలుంటాయి. వాటికి స్టెప్పుల మార్కులుండవు. అక్కడ పనికొచ్చేది ఇంట్లో ఒక్కరే కూర్చుని తప్పు పట్టుకున్న అనుభవమే.

తప్పు జవాబు కూడా ఒక ఆధారమే

ఫస్టియర్ మెకానిక్స్‌లో అందరూ చేసే లెక్క ఒకటి తీసుకుందాం. 30 డిగ్రీల వాలు తలం, దాని మీద 5 కిలోల దిమ్మె, ఘర్షణ గుణకం 0.2. దిమ్మె కిందికి జారుతుంటే త్వరణం ఎంత? గురుత్వ త్వరణం 9.8 అనుకుంటే వెనక పేజీలో జవాబు 3.2 అని ఉంటుంది.

మీకు 2.94 వచ్చిందనుకోండి. దగ్గరగానే ఉంది కానీ అది కాదు. ఇప్పుడు వెతకాలి. సైన్ 30 అంటే 0.5, అది సరే. 9.8ని 0.5తో గుణిస్తే 4.9, అదీ సరే. ఇక మిగిలింది ఘర్షణ. 0.2ని 9.8తో గుణించి 1.96 తీసేశారు. అంటే దిమ్మె పూర్తి బరువంతా తలం మీద పడుతోందని అనుకున్నారు. తలం వాలుగా ఉంది కాబట్టి దాని మీద పడేది బరువులో కాస్ 30 వంతు మాత్రమే. 1.96ని 0.866తో గుణిస్తే 1.70 వస్తుంది. 4.9 లోంచి 1.70 తీసేస్తే 3.2. అయిపోయింది. మళ్లీ జన్మలో ఈ తప్పు చేయరు.

ఒక్కో తప్పుకి ఒక్కో అంకె వస్తుంది. ఘర్షణని మర్చిపోతే 4.9. ఘర్షణ దిశ తిరగేస్తే 6.6. సైన్ బదులు కాస్, కాస్ బదులు సైన్ వేస్తే 7.5. ఇలాంటి లెక్కలు కొన్ని చేసినవాళ్లు అంకె చూడగానే ఎక్కడ జారారో చెప్పేస్తారు. జవాబు మాత్రమే చేతిలో ఉండటంలోని బలం ఇదే. తప్పు జరిగిందని అది చెప్తుంది, ఎక్కడ జరిగిందో చెప్పదు. ఆ వెతుకులాటే హోంవర్క్.

ఇదే లెక్కకి పూర్తి సొల్యూషన్ ముందు పెట్టుకుంటే ఏమవుతుంది? రెండో లైన్లో అభిలంబ ప్రతిచర్య (తలం దిమ్మెని తిరిగి నెట్టే బలం) విలువ రాసి ఉంటుంది, పక్కనే కాస్ థీటా ఉంటుంది. కన్ను దాని మీదుగా వెళ్లిపోతుంది. 'ఔను కదా, తెలిసిందే' అనిపిస్తుంది. మీరు అక్కడే తప్పు చేసి ఉండేవారన్న సంగతి మీకు తెలియదు. పరీక్ష హాల్లో తెలుస్తుంది.

కెమిస్ట్రీలో ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? సూత్రం గుర్తున్నవాళ్లు వెంటనే 8 అంటారు. వెనక 6.98 అని ఉంటుంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే గానీ తట్టదు: ఆమ్లానికి పీహెచ్ 8 ఏంటి, అది క్షారం కదా! నీటిలో ఎంత పలచన చేసినా ఆమ్లం క్షారమైపోదు. అప్పుడు గుర్తొస్తుంది, స్వచ్ఛమైన నీటిలోనే 10⁻⁷ మోలార్ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయని, మనం వేసిన ఆమ్లం అందులో పదో వంతేనని. రెండూ కలిపి, నీటి సమతాస్థితి సమీకరణం రాసి క్వాడ్రాటిక్ సాధిస్తే 6.98 వస్తుంది. ఈ ప్రశ్నకి సొల్యూషన్ చూసి రాసినవాళ్లకి ఒక క్వాడ్రాటిక్ సమీకరణం మిగులుతుంది. జవాబుతో కుస్తీ పట్టినవాళ్లకి పలచని ద్రావణాల్లో నీటిని మర్చిపోకూడదన్న జ్ఞానం మిగులుతుంది.

పూర్తి సొల్యూషన్‌ని తోసేయకూడదు

అలాగని సొల్యూషన్లు చదవడం దండగ అనను. కొత్త చాప్టర్ మొదటిరోజు అదే మేలు. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ ముఖం ఇంతకుముందు చూడనివాణ్ణి కూర్చోబెట్టి పది లెక్కలిస్తే వాడు నేర్చుకునేది విసుగే. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ అనే పరిశోధకులు ఆల్జీబ్రా మీద చేసిన ప్రయోగాల్లో ఇదే తేలింది. కొత్తవాళ్లు సాధించి పెట్టిన ఉదాహరణలు చదివితే, సొంతంగా తంటాలు పడినదానికంటే తక్కువ టైములో ఎక్కువ నేర్చుకున్నారు. ఆ తర్వాతి పరిశోధనల్లో రెండోవైపు కూడా బయటపడింది. విషయం కొంచెం పట్టుబడ్డాక అవే ఉదాహరణలు సాయం చేయడం మానేసి అడ్డుపడతాయి.

కాబట్టి ఏ సబ్జెక్టుకి ఏది అని కాకుండా, చాప్టర్‌లో ఎక్కడున్నాం అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. మొదటి రెండు మూడు లెక్కలు సొల్యూషన్ చదివి, మూసేసి, తెల్ల కాగితం మీద మళ్లీ చేయండి. మూయడం ముఖ్యం. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకి ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లే ముందున్నారు. మిడ్‌కి ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ తిరగేస్తే 'అంతా వచ్చేసింది' అనిపించడానికీ, సెమిస్టర్ నాటికి ఏమీ మిగలకపోవడానికీ కారణం చాలావరకు ఇదే.

నాలుగో లెక్క నుంచి సొల్యూషన్ పక్కన పెట్టేయాలి. ఇరవై నిమిషాలు కదలకపోతే అప్పుడు తెరిచి, ఆగిపోయిన లైను వరకే చూసి మూసేయండి. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. రేపు పొద్దున సబ్మిషన్ అంటే టెన్షన్‌లో ఎవరూ ఇరవై నిమిషాలు ఆగరు. అందుకే అసైన్‌మెంట్ ఇచ్చిన రోజే మొదలుపెట్టినవాళ్లకే ఈ పద్ధతి కుదురుతుంది.

ఏఐ సంగతి

చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లలో చాలామంది కాలేజీలో అడుగుపెట్టేటప్పటికే అది ఉంది. దాని మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి పన్నెండింటికి డౌట్ వస్తే చెప్పేవాళ్లు లేని హాస్టల్ పిల్లలకి అది నిజంగా పెద్ద దిక్కు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు పాఠ్యపుస్తకంతో ఇబ్బంది పడేవాళ్లు 'ఇది తెలుగులో చెప్పు' అని అడగగలగడం చిన్న విషయం కాదు.

కానీ హోంవర్క్ లెక్క చేసిపెట్టమంటే మాత్రం అది సొల్యూషన్ మాన్యువల్ కంటే ఎక్కువ చేటు చేస్తుంది. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థుల మీద గణితంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన పిల్లలు ప్రాక్టీస్ లెక్కల్లో 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అది తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐ ముట్టుకోనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన చాట్‌బాట్ వాడినవాళ్లలో ఈ నష్టం చాలావరకు కనబడలేదు. అదే యంత్రం, అడిగే తీరు వేరు. 'చేసిపెట్టు' అనడానికీ 'నాకు 2.94 వచ్చింది, నా లెక్క ఇదీ, తప్పేంటో చెప్పకుండా ఏ లైను మళ్లీ చూసుకోవాలో చెప్పు' అనడానికీ అంత తేడా ఉంది.

ప్రోగ్రామింగ్‌లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సీ నేర్చుకునేవాళ్లకి మొదటి వారాల్లోనే ఇచ్చే ప్రోగ్రాం ఒకటుంది: ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చడం. సూత్రం ఉన్నదున్నట్టు 5/9*(ఎఫ్-32) అని రాస్తారు. 212 ఇస్తే 100 రావాలి, 0 వస్తుంది. 50 ఇస్తే 10 రావాలి, మళ్లీ 0. ఏది ఇచ్చినా సున్నాయే. ఇక్కడ కాసేపు తల పట్టుకున్నవాళ్లు ముక్కలు ముక్కలుగా ప్రింట్ చేసి చూస్తారు. 5/9 ఒక్కదాన్నీ ప్రింట్ చేస్తే అదే 0 అని తేలుతుంది. రెండు పూర్ణాంకాల భాగహారంలో దశాంశాలను సీ వదిలేస్తుందన్నది అప్పుడు మనసులో నాటుకుంటుంది. ఏఐకి ఇస్తే అది 5.0/9 అని దిద్ది ఇస్తుంది, కారణం కూడా ఒక లైన్లో చెప్తుంది. ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి ఆ లైను ఎవరూ చదవరు. మూడు నెలల తర్వాత సగటు మార్కుల ప్రోగ్రాంలో మళ్లీ అదే తప్పు.

పుస్తకం వెనక జవాబుకి ప్రోగ్రామింగ్‌లో సమానమైనది టెస్ట్ కేసు. ఈ ఇన్‌పుట్ ఇస్తే ఈ అవుట్‌పుట్ రావాలి, అంతే, ఎలాగో చెప్పరు. కోడింగ్ సైట్లలో కొన్ని టెస్ట్ కేసులు కనిపిస్తాయి, కొన్ని దాచి ఉంచుతారు. దాచినవి ఇంకా మంచివి. ఖాళీ అర్రే (అర్రే అంటే సంఖ్యల వరుస), ఒక్క సంఖ్యే ఉన్న అర్రే, అన్నీ ఒకే సంఖ్యలైన అర్రే: వాటిని మీరే ఊహించి చూసుకోవాల్సి వస్తుంది. ఈ ఓపిక ఎందుకంటే, బైనరీ సెర్చ్ (క్రమంలో పేర్చిన వరుసని సగం సగం చేసుకుంటూ వెతకడం) లాంటి పది లైన్ల ప్రోగ్రాంలో కూడా తప్పు ఏళ్ల తరబడి దాక్కోగలదు. జావా సొంత లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఒక తప్పు సుమారు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడలేదు. 2006లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ దాన్ని అందరికీ చెప్పారు. మధ్య స్థానం కోసం రెండు కొసల్ని కూడి రెండుతో భాగిస్తాం కదా, అర్రే వంద కోట్లు దాటితే ఆ కూడిక జావా పూర్ణాంకానికి ఉన్న 214 కోట్ల పైచిలుకు పరిమితిని మించిపోయి రుణ సంఖ్య అయిపోతుంది. చిన్న టెస్టులన్నీ పాసవుతాయి.

ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులైన ఎన్‌పీటెల్‌లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లు ఈ మూడింటి మధ్యలో ఎక్కడో ఉంటాయి. 12 వారాల కోర్సులో మంచి స్కోరు వచ్చిన 8 అసైన్‌మెంట్లు తీసుకుని 25 శాతం వెయిటేజీ ఇస్తారు. గడువు దాటాక గానీ జవాబులు రావు. కానీ ఆప్షన్లు ఉంటాయి కాబట్టి మీకు వచ్చిన అంకె నాలుగింటిలో లేకపోతే తప్పని అప్పుడే తెలిసిపోతుంది.

జవాబు కూడా అక్కర్లేని చోట్లు

గణితంలో చాలా లెక్కలకి వెనక పేజీ కూడా అనవసరం. ఇంటిగ్రల్ చేశారా, దాన్ని డిఫరెన్షియేట్ చేయండి. డిఫరెన్షియల్ సమీకరణం సాధించారా, జవాబుని తిరిగి అందులో పెట్టి చూడండి. ఐగెన్ విలువలకైతే మరీ తేలిక. మొదటి వరుస 4, 1, రెండో వరుస 2, 3 ఉన్న మాత్రికకి 5, 2 వచ్చాయా? వాటి మొత్తం 7, మాత్రిక కర్ణం మీది అంకెల మొత్తమూ 7. లబ్ధం 10, నిర్ధారకమూ 10. ఎవర్నీ అడగనక్కర్లేదు. సర్క్యూట్లలో బ్యాటరీలు ఇచ్చిన పవర్, రెసిస్టర్లు ఖర్చు చేసిన పవర్ సమానమైతే కిర్కాఫ్ సమీకరణాల్లో ప్లస్, మైనస్‌లు సరిగ్గా పడ్డట్టే లెక్క. ఇలా సరిచూసుకోవడం వచ్చినవాళ్లకి పరీక్ష హాల్లో కూడా అది తోడుంటుంది, అక్కడ వెనక పేజీ ఉండదు కదా.

చివరి జవాబు పద్ధతికి లోపాలు లేవని కాదు. పెద్దది, జవాబుకి తగ్గట్టు లెక్కని తిప్పేయడం. 2.94 వచ్చినవాళ్లు ఎక్కడో ఒక కాస్ ఇరికించి 3.2 తెప్పించేసి 'వచ్చేసింది' అనుకోవచ్చు. ఆ కాస్ ఎందుకు అక్కడుందో పక్కవాళ్లకి రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే లెక్క రానట్టే. రెండోది, పుస్తకాల్లో జవాబులు అప్పుడప్పుడు తప్పు పడతాయి. రెండుసార్లు జాగ్రత్తగా చేసినా కలవకపోతే ఫ్రెండ్‌ని విడిగా చేయమనండి, ఇద్దరికీ ఒకే అంకె వస్తే పుస్తకాన్ని అనుమానించవచ్చు. ఇక నిరూపణలు, డిజైన్ ప్రశ్నలు, ల్యాబ్ రికార్డుల్లో చివరి అంకె అంటూ ఉండదు. అక్కడ పూర్తి సొల్యూషన్ చదవాల్సిందే, కాకపోతే ముందు సొంత ప్రయత్నం కాగితం మీద ఉండాలి.

మన కాలేజీల్లో ఇచ్చే అసైన్‌మెంట్లలో చాలావాటికి ఈ సదుపాయమే లేదు. ఐదు ప్రశ్నలు బోర్డు మీద రాస్తారు, జవాబులుండవు. తనకి వచ్చింది ఒప్పో తప్పో తెలుసుకునే దారి లేక పిల్లాడు టాపర్ ఫొటోలకో ఏఐకో వెళ్తున్నాడు. లెక్చరర్లకి నా మనవి ఒక్కటే. ప్రశ్నల కింద చివరి జవాబులు కూడా రాసివ్వండి, స్టెప్పులొద్దు, అంకె, యూనిట్ చాలు. సరైన అంకెకి మార్కులు వేయడం మానేసి, దారి ఎలా దొరికిందో పిల్లాడు రాసినదానికి వేయండి.