బ్యాక్‌లాగ్ (పోయిన సబ్జెక్టుల) ట్యూషన్ రివ్యూ: మా తమ్ముడికి మూడు క్రెడిట్లు తక్కువైనప్పుడు

నేను కూకట్‌పల్లిలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పని చేస్తాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. తమ్ముడు జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ. ఇద్దరం కేపీహెచ్‌బీలో ఒకే గదిలో ఉంటాం. పోయినసారి ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చాక ఒక రాత్రి కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా, "అక్కా, నన్ను డిటెయిన్ చేస్తరేమో" అన్నాడు. అంటే పై ఏడాదికి పంపకుండా ఆపేయడం. ఏడు సబ్జెక్టులు పోయాయి. ఆ రాత్రి వరకు నాకు ఒక్కటి కూడా తెలియదు.

ఇంజినీరింగ్‌లో సబ్జెక్టు పోతే మళ్లీ రాసుకుంటారు, పై క్లాసు ఎటూ ఆగదు అనుకునేదాన్ని. ఇంట్లో బీటెక్ చదివినవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు. కాలేజీకి ఫోన్ చేస్తే "నోటీసు బోర్డులో పెట్టినం మేడమ్" అన్నారు. బిడ్డ ఏడాది పోయేలా ఉందని ఇంటికి ఒక్క ఫోన్ చేయడానికి ఎంత సేపు పడుతుంది? ఇప్పటికీ నాకు ఆ బాధ పోలేదు.

మొదట వెళ్లిన చోటు ఇది కాదు. మెట్రో దగ్గర "పాస్ గ్యారంటీ" అని పెద్ద బోర్డు పెట్టిన సెంటర్‌లో ఆరు వేలు అడ్వాన్స్ కట్టాను. అక్కడ వాడి మార్కులు ఎవరూ అడగలేదు. ఇంపార్టెంట్ క్వశ్చన్లని జెరాక్స్ కట్ట ఒకటి చేతిలో పెట్టి పంపారు. మూడు రోజులు వెళ్లి, ఏమీ ఎక్కడం లేదని మానేశాడు. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. ఆ సెంటర్ పేరు రాయను, కానీ మెమో (మార్కుల పత్రం) చూడకుండా ఫీజు అడిగే చోట మాత్రం కట్టకండి.

ల్యాబ్‌లో నాతో పనిచేసే ఆమె చెబితే ఈ రెండో చోటుకు వెళ్లాం. ఇంజినీరింగ్ కాలేజీలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన సార్ ఇంటి పైఅంతస్తులో నడుపుతున్నారు. బోర్డు లేదు. పేరు పెట్టొద్దని సారే అన్నారు, ఇప్పటికే పిల్లలు ఎక్కువయ్యారట. అందుకే ఇక్కడ ఏం చేస్తారో అది మాత్రం రాస్తున్నాను.

వెళ్లగానే సార్ అడిగింది ఒకటే, "మెమోలు తెచ్చారామ్మా?" పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, వాడు చదివిన ప్రతి సబ్జెక్టు పేరు పక్కన క్రెడిట్లు, అంటే అది పాసైతే వచ్చే పాయింట్లు, వేసుకుంటూ పోయారు. మ్యాట్రిసెస్ 4, కెమిస్ట్రీ 4, సీ లాంగ్వేజ్ 3, బేసిక్ ఎలక్ట్రికల్ 2, ఇవన్నీ పోయినవి. రెండో సెమ్‌లో ఇంకో లెక్కల పేపరు 4, ఫిజిక్స్ 4, ఎలక్ట్రానిక్ డివైసెస్ 2, అవీ పోయినవే. గ్రాఫిక్స్, వర్క్‌షాప్, ఇంగ్లిష్, ల్యాబులు పాసయ్యాడు. పాసైనవి కూడి కింద 17 అని రాసి గీత గీశారు.

"జేఎన్‌టీయూ 2022లో తెచ్చిన ఆర్22 రూల్స్‌లో ఫస్టియర్ మొత్తం 40 క్రెడిట్లు. సగం, అంటే 20 ఉంటేనే సెకండియర్‌లో కూర్చోనిస్తారు. మీవాడికి మూడు తక్కువ," అన్నారు. ఏడు సబ్జెక్టులు అన్నప్పుడు కాళ్లు చల్లబడిపోయాయి నాకు. మూడు క్రెడిట్లు అనేసరికి ఊపిరి తీసుకోగలిగాను. సీ లాంగ్వేజ్ ఒక్కటి గట్టెక్కినా సరిగ్గా ఇరవై. సప్లీలో, అంటే పోయినవి మళ్లీ రాసే పరీక్షల్లో, ఏడింటికీ ఫీజు కట్టినా, చదవడం మాత్రం ముందు సీ, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత మ్యాట్రిసెస్ అని వరస వేసి ఇచ్చారు. ఒకటి చేయిజారినా ఇంకొకటి పట్టుకుంటుందని ఆయన లెక్క. కాలేజీలో ఏడాది పొడవునా ఎవరూ వాడితో ఈ లెక్క వేయించలేదు.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. ఎక్స్‌టర్నల్‌లో, అంటే సెమిస్టర్ చివరి పరీక్షలో, 60కి 21 వస్తే పాస్ అని తమ్ముడు నమ్మకంగా ఉన్నాడు. కాలేజీలో వేసే ఇంటర్నల్ మార్కులు 40కి కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి, అది నిజమే. కానీ రెండూ కలిపి కనీసం నలభై కూడా రావాలి. కెమిస్ట్రీలో వాడి ఇంటర్నల్ 15. ఇరవై ఒకటి తెచ్చుకున్నా 36 దగ్గర ఆగిపోతాడు, 25 కావాలి. సార్ ప్రతి సబ్జెక్టు పక్కన ఎర్ర పెన్నుతో వాడికి కావలసిన అసలు అంకె వేశారు. ఆ కాగితం మా బీరువా తలుపు లోపల అతికించి ఉంది.

అటెండెన్స్ అడిగినప్పుడు వాడు తల దించుకున్నాడు. 68 శాతం. 75 ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, కండోనేషన్ (తక్కువైన హాజరును మన్నించే) ఫీజు కడితే కాలేజీ ఒప్పుకోవచ్చు, 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే అని సార్ చెప్పారు. కండోనేషన్ ఎప్పుడు కట్టావు, డబ్బులెక్కడివి అని అడిగితే అప్పుడు బయటపడింది. రాత్రిళ్లు ఒంటిగంట దాకా బైకు మీద ఫుడ్ డెలివరీ చేసేవాడట, నా మీద భారం పడకూడదని. పొద్దున లేవలేక మొదటి రెండు పీరియడ్లు పోయేవి. నేను నైట్ డ్యూటీల్లో ఉండి చూసుకోలేదు. సార్ కోప్పడలేదు. "ముందు ఆ పని ఆపు. నువ్వు ఏడాది కోల్పోతే మీ అక్కకు పడే ఖర్చు ఇంకా ఎక్కువ" అన్నారు. వాడు ఆ వారమే ఆపేశాడు.

ఇక చదువు చెప్పే తీరు. సీ లాంగ్వేజ్‌కి మొదటి వారం కంప్యూటరే ముట్టనివ్వరు. లూప్ ప్రోగ్రాం ఇచ్చి, కాగితం మీద గడులు గీయించి, ఐ విలువ ఇప్పుడెంత, సమ్ ఇప్పుడెంత అని ఒక్కో మెట్టూ రాయిస్తారు. తమ్ముడు ఇంటికొచ్చి నేల మీద కూర్చుని అవే గడులు గీసేవాడు. ఒక రోజు నాకు కూడా చూపించాడు, ఏమీ తెలియని నాకే అర్థమైంది. కెమిస్ట్రీ సార్ పాత శిష్యుడు చెబుతాడు. నీటి కఠినత్వం లెక్కలు, దాన్ని కొలిచే ఈడీటీఏ టైట్రేషన్. ల్యాబ్ కోర్సులో నేను చేసిన టైట్రేషనే కావడంతో రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం కలిసి లెక్కలు చేశాం. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పించినట్టే అనిపించింది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. రెండు గదుల్లో నలభై మంది, పరీక్షలు దగ్గరపడ్డాక మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఒకే ఒక్క ఫ్యాను తిరిగేది. సాయంత్రం బ్యాచ్ తొమ్మిదిన్నర దాటి వదులుతారు, హాస్టల్ గేటు టైముండే ఆడపిల్లలకు చాలా ఇబ్బంది, వాళ్లకు పొద్దున బ్యాచ్ పెట్టాలని సార్‌కే చెప్పాను. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అసలు చెప్పరు. సబ్జెక్టుకు మూడు వేల ఐదు వందలు, రసీదు ఇవ్వరు, ఫోన్‌పేలో కట్టి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. ఫీజు రెండు విడతల్లో తీసుకున్నారు, నేను అడగకముందే.

సప్లీ రిజల్ట్స్ వచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సీ పాస్. కెమిస్ట్రీలో 26 తెచ్చుకున్నాడు, ఇంటర్నల్ పదిహేనుతో కలిపి 41. ఎర్ర పెన్ను అంకె కంటే ఒక్క మార్కు ఎక్కువ. మ్యాట్రిసెస్ పోయింది, ఎక్స్‌టర్నల్ 19. తక్కినవీ పోయాయి. పదిహేడుకు ఏడు కలిపి 24 క్రెడిట్లు. ఇరవై దాటాడు, సెకండియర్‌లో కూర్చున్నాడు. రక్తం తీస్తున్న పేషెంటు చేయి అలాగే పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను. ఆ పెద్దాయన "ఏమైందమ్మా" అని అడిగితే, మా తమ్ముడు పాసయ్యాడని చెప్పాను.

అయితే పని అయిపోలేదు. థర్డియర్‌కు వెళ్లాలంటే రెండేళ్ల 80 క్రెడిట్లలో 60 శాతం, అంటే 48 రావాలి. ఫోర్తియర్‌కు మూడేళ్ల 120లో 72. పాత బ్యాక్‌లాగులు కూడా ఆ లెక్కలోనే కలుస్తాయి కాబట్టి మ్యాట్రిసెస్ నాలుగు క్రెడిట్లు ఇప్పటికీ మాకు చాలా విలువైనవి. కరోనా ఏళ్లలో యూనివర్సిటీ సడలింపులు ఇచ్చింది కదా అని కొందరు పిల్లలు ఎదురుచూస్తూ కూర్చుంటారట, అలా కూర్చోవద్దని సార్ గట్టిగా చెబుతారు. మీది అటానమస్ కాలేజీ (పరీక్షలు, రూల్స్ సొంతంగా పెట్టుకునేది) అయితే ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు, మీ కాలేజీ రెగ్యులేషన్స్ పుస్తకం తీసుకెళ్లండి.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒకటి ఫ్యానుకు, తొమ్మిదిన్నరకు. తమ్ముడు ఇప్పుడు ఆదివారాలు మ్యాట్రిసెస్‌కు వెళ్తున్నాడు. వెళ్లాలనుకునే వాళ్లు సప్లీ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి, అప్పటికి సీట్లు ఉండవు. రెండు సెమిస్టర్ల మెమోలూ, ఇంటర్నల్ మార్కుల ప్రింటూ, అటెండెన్స్ శాతం రాసిన కాగితమూ తీసుకెళ్లండి. అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు వెంట వెళ్తే ఇంకా మంచిది. క్యాలెండర్ కాగితం మీద ఆ లెక్క వేసేటప్పుడు ఇంట్లోవాళ్లు పక్కన ఉండాలని సార్ అడుగుతారు.