జె-1 గడువు తీరిన తెలుగు ఉపాధ్యాయులకు ఏది మేలు: అమెరికాలోనే ప్రయత్నమా, ఇంగ్లండా, ఎమిరేట్సా?

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో జె-1 వీసాపై (విదేశీయులు కొంతకాలం వచ్చి పనిచేసే మార్పిడి కార్యక్రమాల వీసా) పనిచేసే ఉపాధ్యాయులకు మొదట మూడేళ్లు, ఆపై పొడిగింపుతో కలిపి గరిష్ఠంగా ఐదేళ్లు మాత్రమే అనుమతి ఉంటుంది. ఆ గడువు దగ్గరపడి, హెచ్-1బి ఉద్యోగ వీసా స్పాన్సర్‌షిప్‌కు, స్థానిక ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టు చేతులెత్తేసినప్పుడు చాలామంది ముందుగా చూసేది కొత్త ఉద్యోగపు జీతాన్ని. అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: రేపు ఆ కొత్త పర్మిట్ కూడా పోతే మన చేతిలో ఏం మిగులుతుంది?

అమెరికాలోనే ఉండిపోయే దారి పేరుకు దగ్గరిదే గానీ, తేదీలు కలిసిరావు. హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి నుంచి విశ్వవిద్యాలయాలకు ఉన్న మినహాయింపు సాధారణ స్కూల్ డిస్ట్రిక్టులకు వర్తించదు కనుక, మార్చిలో జరిగే లాటరీలో పేరు రావాలి. వచ్చినా ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరు 1న; జె-1 గడువు మాత్రం చాలామందికి వేసవిలోనే ముగిసి, తర్వాత పనిచేసే హక్కు లేని 30 రోజులే మిగులుతాయి. ఈ ఖాళీని పూడ్చే ‘క్యాప్ గ్యాప్’ వెసులుబాటు ఎఫ్-1 విద్యార్థులకే ఉంది. సరే, దేశం విడిచి వెళ్లి బయటినుంచి ప్రయత్నిద్దామంటే, 2025 సెప్టెంబరులో విధించిన లక్ష డాలర్ల రుసుము అడ్డుపడుతుంది. దేశంలో ఉండగానే హోదా మార్చుకునేవారికి ఆ రుసుము లేకపోయినా, బయట ఉన్నవారి తరఫున వేసే కొత్త దరఖాస్తులకు ఉంది. ఒక ఉపాధ్యాయుడి కోసం అంత సొమ్ము కట్టే డిస్ట్రిక్టును ఊహించడం కష్టం. ఐదేళ్లు నిండడానికి ఇంకా ఏడాదికి పైగా సమయం ఉండి, డిస్ట్రిక్టు రాతపూర్వకంగా మాట ఇచ్చినవారు తప్ప మిగతావారు ఈ దారిపై ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ఇంగ్లండ్ సంగతి పూర్తిగా వేరు. అక్కడి ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో భారతదేశంతో సహా మరికొన్ని దేశాలవారికి క్యూటీఎస్, అంటే అర్హత పొందిన ఉపాధ్యాయ హోదాకు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. దరఖాస్తుకు రుసుము లేదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. అయితే మనవారి విషయంలో అది 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్స్, భాషలు బోధించేందుకు శిక్షణ పొందినవారికే పరిమితం. ప్రాథమిక తరగతులు చెప్పేవారికి ఆ తలుపు మూసే ఉంది. నా దృష్టిలో ఇంగ్లండ్‌కు ఉన్న అసలు బలం ఈ క్యూటీఎస్సే. వీసా బడి ఇచ్చేది, బడితోనే పోయేది; క్యూటీఎస్ మాత్రం ఉపాధ్యాయుడి సొంత పేరు మీద ఉంటుంది. స్పాన్సర్‌షిప్ తెగిపోతే సాధారణంగా ఇచ్చే 60 రోజుల్లో మరో బడి వెతుక్కోవలసి వచ్చినప్పుడు, ఆ హోదా ఉన్నవారికీ లేనివారికీ తేడా చాలానే ఉంటుంది.

ఖర్చు మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. లండన్ వెలుపల కొత్త ఉపాధ్యాయుడి కనీస వార్షిక వేతనం 2025–26లో 32,916 పౌండ్లు. వీసాతోపాటు కట్టవలసిన ఆరోగ్య సర్‌ఛార్జి పెద్దలకు ఏడాదికి 1,035, పిల్లలకు 776 పౌండ్లు కనుక, భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో మూడేళ్ల వీసాకు వెళితే, జీతం మొదలుకాక ముందే 10,866 పౌండ్లు చెల్లించాలి. పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు ఉచితంగా అందడం ఈ బరువును కొంత తగ్గిస్తుంది. శాశ్వత నివాసానికి ఉన్న ఐదేళ్ల నిరీక్షణను పదేళ్లకు పెంచాలన్న ప్రతిపాదన 2025లో వచ్చింది కాబట్టి, స్థిరపడడమే లక్ష్యంగా పెట్టుకున్నవారు ఆ సంగతీ గమనించాలి.

ఎమిరేట్స్‌లో (యూఏఈ) చేతికి మిగిలేది ఎక్కువ. వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, ఏడాది పనిచేసినవారికి మొదటి ఐదేళ్లకు ఏటా 21 రోజుల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది, నియామకపు ఖర్చులను ఉద్యోగి నుంచి వసూలు చేయడం చట్టవిరుద్ధం. అమెరికా సిలబస్ బోధించే బడులు అక్కడ చాలా ఉన్నాయి కనుక ఆ దేశపు అనుభవానికి విలువ ఉంటుంది. కానీ పర్మిట్ పోతే చేతిలో మిగిలేది అనుభవ ధ్రువపత్రమే. ప్రొబేషన్‌లో నోటీసు ఇవ్వకుండా దేశం విడిచినవారికి ఏడాదిపాటు కొత్త వర్క్ పర్మిట్ ఇవ్వరు. పైగా ఒకే ముద్రతో పత్రాలను ఇతర దేశాలు గుర్తించే అపోస్టిల్ ఒప్పందంలో ఆ దేశం లేనందున డిగ్రీ, బి.ఎడ్. పత్రాలకు మన రాష్ట్రంలో, విదేశాంగ శాఖలో, ఆపై ఎమిరేట్స్ రాయబార కార్యాలయంలో వరుసగా అటెస్టేషన్ చేయించాలి. ఒప్పందం చేతికి వచ్చాక ఈ పని మొదలుపెడితే బడి తెరిచే తేదీ దాటిపోతుంది.

కాబట్టి ఉన్నత తరగతులకు గణితమో భౌతికశాస్త్రమో చెప్పేవారికి, ముందు ఖర్చు భరించగలిగితే, ఇంగ్లండే మేలని నా అభిప్రాయం. ప్రాథమిక తరగతుల వారికి, అప్పులు తీర్చవలసిన వారికి ఎమిరేట్స్ నయం. మళ్లీ జె-1 మీదే అమెరికా వెళ్లాలనుకునేవారు రెండేళ్లు ఆ దేశం వెలుపల గడపాలి, దరఖాస్తు నాటికి సాధారణంగా స్వదేశంలోనో చట్టబద్ధంగా నివసించే దేశంలోనో బోధిస్తూ ఉండాలి. వారు హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఒక బడిలో చేరితే ఈ రెండు షరతులూ చిక్కు లేకుండా నెరవేరుతాయి.

ఏ దారి ఎంచుకున్నా, అమెరికా విడిచే ముందే ఎఫ్‌బీఐ నేర చరిత్ర పత్రం తెచ్చుకోవాలి. గత పదేళ్లలో ఏడాదికి పైగా నివసించిన ప్రతి దేశం నుంచీ అలాంటి పత్రాన్ని బ్రిటన్ వీసా అధికారులు ఉపాధ్యాయుల వద్ద అడుగుతారు, వేలిముద్రలు అక్కడ ఉండగా ఇవ్వడమే సులువు. డిస్ట్రిక్టు నుంచి అనుభవ పత్రం కూడా అప్పుడే, బోధించిన సబ్జెక్టు, తరగతులు, తేదీలు స్పష్టంగా రాయించి తీసుకోవాలి. ‘టీచర్‌గా పనిచేశారు’ అన్న ఒక్క వాక్యపు ఉత్తరం ఎక్కడా అక్కరకు రాదు.