మెకిన్నీలో రెండు రాత్రులు, కౌంటీ కమిషనర్ల మీటింగ్‌లో ఒక మధ్యాహ్నం

డాలస్ వైపు వచ్చే మనవాళ్లు ఎక్కువగా ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, డాలస్‌లో కెన్నడీ మీద కాల్పులు జరిగిన చోటు, ఓ రెండు మాల్స్ చూసి వెళ్లిపోతారు. మేమూ అవన్నీ చూశాం. నాకు గుర్తుండిపోయింది మాత్రం డాలస్‌కి ఉత్తరాన ఉన్న మెకిన్నీలో కాలిన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కమిషనర్ల మీటింగ్‌కి వెళ్లడం.

దానికి కారణం మా మేనకోడలి ఇంటి పన్ను బిల్లు. అందులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. కౌంటీది వంద డాలర్ల విలువకు 15 సెంట్ల లోపే. "ఈ కౌంటీ వాళ్లు ఏం చేస్తారే?" అని అడిగాను. "ఏమో మావయ్యా, జనవరి 31 లోపు కట్టేస్తాం, అంతే" అంది. ఊళ్లో వార్డు మెంబరుగా చేసినవాణ్ణి, ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను.

మొదటి రాత్రి 75 నంబరు హైవే పక్కన హోటల్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ తెల్లవార్లూ లారీల మోత. ఏసీ పని చేయట్లేదని రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. పక్క రెస్టారెంట్‌కి నడిచి వెళ్దామంటే ఫుట్‌పాత్ లేదు. రెండో రాత్రికి డౌన్‌టౌన్ స్క్వేర్ దగ్గర పాత ఇంట్లో ఒక గది తీసుకున్నాం. అద్దె కాస్త ఎక్కువే, అయినా మీరు వెళ్తే అక్కడే దిగండి. సాయంత్రం హాయిగా నడవొచ్చు. స్క్వేర్ మధ్యలో ఉన్న పాత కౌంటీ కోర్టు భవనం ఇప్పుడు నాటకాలు, కచేరీలు జరిగే చోటు. డాలస్ నుంచి వచ్చే డార్ట్ రైలు మెకిన్నీ దాకా రాదు, కాబట్టి కారు తప్పదు. పిల్లలుంటే హర్డ్ మ్యూజియం వెనక అడవిలో ఒక పూట గడపండి.

సోమవారం మధ్యాహ్నం బ్లూమ్‌డేల్ రోడ్డులోని కౌంటీ ఆఫీసుకి వెళ్లాం. ఆ భవనానికి జాక్ హాచెల్ అని ఒక మాజీ కమిషనర్ పేరే పెట్టారు. లోపలికి ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్ లేదు. టెక్సస్‌లో ఈ సభని 'కమిషనర్స్ కోర్ట్' అంటారు కానీ ఇక్కడ కేసులు విచారించరు. నాలుగు ప్రిసింక్ట్‌ల (నియోజకవర్గాల్లాంటివి) నుంచి ఒక్కో కమిషనర్, కౌంటీ మొత్తం ఓట్లేసి ఎన్నుకున్న కౌంటీ జడ్జి, అంతా కలిసి ఐదుగురు. పదవీకాలం నాలుగేళ్లు. రోడ్లు, జైలు, కోర్టుల ఖర్చు, ఎన్నికలు, ప్రజారోగ్యం, ఇవన్నీ వీళ్ల చేతిలోని బడ్జెట్‌తోనే నడవాలి.

వీళ్లకి ఏది ముందు, ఏది వెనక అన్నది బడ్జెట్లోనూ బాండ్లలోనూ, అంటే కౌంటీ తెచ్చే అప్పుల్లోనూ తెలుస్తుంది. కౌంటీ జనాభా 2010లో 7.82 లక్షలు, 2020 నాటికి 10.64 లక్షలు. ఇంతమంది వచ్చి పడితే ముందు ఇరుకయ్యేది రోడ్లే. 2023 నవంబరులో ఓటర్లు ఆమోదించిన 68 కోట్ల డాలర్ల పైచిలుకు బాండ్లలో 38 కోట్లు రోడ్లకే. మిగతాది కోర్టు గదులు, పార్కులు, జంతువుల షెల్టర్ వంటివాటికి. ఇలాంటి బాండ్లతో అప్పు చేయాలంటే కమిషనర్లు జనం ముందుకు వెళ్లి ఓటు అడగాల్సిందే. ఇది నాకు చాలా నచ్చింది.

మీటింగ్‌లో ఎక్కువ అంశాలు ఒక్క చేతి ఊపుతో ఆమోదం పొందాయి. మాట్లాడాలనుకున్నవాళ్లు ముందే ఒక కాగితం నింపి ఇవ్వాలి. ఆ రోజు ఒక పెద్దావిడ లేచింది. సిటీ హద్దు బయట ఆవిడ ఇంటి ముందు నుంచి కంకర లారీలు తిరుగుతున్నాయట. ఇంట్లో దుమ్ము తుడిచిన గుడ్డని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చింది. దాన్ని పైకెత్తి చూపిస్తుంటే చెయ్యి వణుకుతోంది. ఐదుగురూ విన్నారు, ఒక్కరూ జవాబు చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత తెలిసింది: అజెండాలో లేని విషయం మీద చర్చించడానికి చట్టం ఒప్పుకోదు. ఉన్న సమాచారం చెప్పొచ్చు, లేదా రాబోయే మీటింగ్ అజెండాలో పెడతామనొచ్చు. పైగా టెక్సస్‌లో కౌంటీలకు సిటీలంత అధికారం లేదు. రాష్ట్రం ఇచ్చినంత వరకే.

బయట వరండాలో ఒక ఉద్యోగి ఆవిడ దగ్గర నిలబడి రోడ్డు పేరు, ఫోన్ నంబరు రాసుకున్నాడు. మన కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణికి అర్జీలు పట్టుకుని కూర్చునే అవ్వలు గుర్తొచ్చారు. తేడా ఒక్కటే, అక్కడ వినేది అధికారి, ఇక్కడ ఓటుతో గెలిచినవాళ్లు. ఏ చోటైనా అడిగేవాళ్లు ముందే రావాలి, నిర్ణయం అయిపోయాక వస్తే లాభం తక్కువ. ఇక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, కాబట్టి పన్ను, బడ్జెట్ గురించి చెప్పాల్సింది వేసవి దాటకముందే చెప్పాలి.

అక్కడ ఉంటున్న మనవాళ్లకి ఒక మాట: ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక సోమవారం తీసుకెళ్లండి. వెళ్లేముందు కౌంటీ వెబ్‌సైట్‌లో అజెండా చూసుకోండి, మీ ఊరి పేరున్న అంశం ఉంటే ఇంకా బాగుంటుంది.

తిరుగు దారిలో నేను కారు నడిపాను. మేనకోడలు పక్క సీట్లో కూర్చుని తనది ఏ ప్రిసింక్టో, తన కమిషనర్ ఎవరో ఫోన్‌లో వెతికింది. ఆ ఇంట్లో ఉండబట్టి ఆరేళ్లయింది.